మా లోయ మీద తీర్మానం చేసే ముందు మా ఊళ్ళో గ్రామసభ పెట్టండి

అరకు ప్రాంతానికి ప్రణాళికలు రూపొందిస్తున్న అధికారులకు, ప్రజాప్రతినిధులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు, ప్రజాప్రతినిధులకు నమస్కారం.

మాది గాలికొండ కింద, గెడ్డ (కొండవాగు) పక్కన, ముప్ఫై నలభై గడపలున్న శివారు పల్లె. ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. అనంతగిరి, అరకులోయ, డుంబ్రిగుడ, హుకుంపేట మండలాల్లో ఏ లోయలోకి దిగినా ఇలాంటి పల్లెలే ఉంటాయి, చాలా ఊళ్ళ బాధ ఇదే. అర్జీల రోజున అర్జీలు పెట్టుకున్నాం, రసీదులు తీసుకున్నాం. కొన్నాళ్ళకు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, అర్జీ పరిష్కారమైపోయిందని. ఊళ్ళోకి వచ్చి చూసినవాళ్ళు లేరు, మమ్మల్ని ఒక్క మాట అడిగినవాళ్ళు లేరు. అందుకే ఈ లేఖ అందరి ముందూ పెడుతున్నాం.

మా గోడు ఇది. మా లోయ గురించిన తీర్మానాలు పంచాయతీ కేంద్రంలో, మేము లేకుండానే అయిపోతున్నాయి. అక్కడికి వెళ్ళి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. అసలు సభ ఉందన్న సంగతే అది ముగిశాక తెలుస్తోంది. ఈమధ్య గెడ్డ పైన సున్నంతో గుర్తులు పెట్టిన రాళ్ళు కనిపించాయి. రిసార్టు కోసమని కొందరు, వ్యూ పాయింటు అని కొందరు, కరెంటు ప్రాజెక్టు అని ఇంకొందరు అంటున్నారు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పేవాళ్ళు లేక ఊరంతా టెన్షన్‌లో ఉంది. ముసలివాళ్ళయితే ఈ పోడు (కొండవాలు సాగు భూమి) ఈ ఏడు దున్నాలా వద్దా అని అడుగుతున్నారు. మా దగ్గర జవాబు లేదు.

ముందుగా మా లోయ సంగతి కొంచెం చెప్పుకోవాలి. సర్వే నంబర్లు, జనాభా లెక్కలు మీ దగ్గర ఉంటాయి. ఊరు ఎలా బతుకుతుందో వాటిలో ఉండదు.

మా ఊళ్ళో కొటియాలు, కొండదొరలు, కొంధులు కలిసి ఉంటాం. ఇళ్ళల్లో కువి మాట్లాడేవాళ్ళున్నారు. సంతలో, వీధిలో అందరం ఆదివాసీ ఒడియా మాట్లాడుకుంటాం. తెలుగు బళ్ళో నేర్చుకున్నాం. ఊరికి నాయుడు ఉంటాడు. ఏ రోజు మంచిదో, ఏ పూజ ఎప్పుడు చెయ్యాలో దిశారి చెప్తాడు. ఊరికి కబురు చాటేది బారికి. ఇల్లు కట్టుకుంటే ఊరంతా చెయ్యి వేస్తారు. చావు జరిగిన ఇంటికి గడపకింత బియ్యం, కట్టెలు వెళ్తాయి. ఇవన్నీ ఎవరూ రాసి పెట్టిన నియమాలు కావు, కానీ తప్పిన ఇల్లు ఉండదు.

చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. ఆ రోజుల్లో మా ఊరు చూస్తే మీకు ఈ లేఖ అవసరం ఉండేది కాదు. ప్రతి ఇంటివాళ్ళూ తమ దగ్గరున్న విత్తనాలు, చోడి, సామ, కొర్ర, కంది, వడ్లు ఏవైనా గుప్పెడు అడ్డాకు దొప్పలో పోసుకుని శంకుదేవుడి రాయి దగ్గరికి తెస్తారు. అన్నీ ఒకచోట కలుపుతారు. పూజ అయ్యాక దిశారి ఆ కలిపిన విత్తనాల్లోంచి గుప్పెడు గుప్పెడు మళ్ళీ అందరికీ పంచుతాడు. భూమి ఎక్కువున్న ఇంటికీ, తక్కువున్న ఇంటికీ అదే గుప్పెడు. దాన్ని మన విత్తనాల్లో కలుపుకుని చల్లాలి. మగవాళ్ళు వేటకు వెళ్తే, ఆడవాళ్ళు దారికి అడ్డంగా దుంగ వేసి వచ్చేపోయేవాళ్ళను ఆపి పండుగ డబ్బులు అడుగుతారు. తుడుము, కిరిడి, మోరి మోగుతుంటే ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు చేతులు కలిపి ధింసా ఆడతారు. ఆ పండుగ రోజుల్లోనే ఊరి పంచాయతీ కూడా కూర్చుంటుంది: ఏ కొండ ఈ ఏడు దున్నాలి, ఏది వదిలెయ్యాలి, గెడ్డ నీళ్ళు ముందు ఎవరి మడికి, ఎవరింట్లో గొడవ తీర్చాలి. చట్టం చెప్పే గ్రామసభ మాకు కొత్త కాదు. మా ఊరి పంచాయతీకి మీ ముద్ర లేదు, అంతే.

మా పెద్దలు చూసిన రోజులు కూడా చెప్తాం. 1839లో చేసిన చట్టంతో ఈ కొండలు ఏజెన్సీ, అంటే మామూలు కోర్టులు లేకుండా కలెక్టరే నేరుగా చూసే ప్రాంతం, అయ్యాయి. కింద జమీందారులు, పైన ముఠాదారులు (కొన్ని ఊళ్ళ మీద శిస్తు వసూలు చేసే పెత్తందార్లు), ఆ పైన తెల్లదొరలు. వసూళ్ళు మాత్రం అందరూ చేశారు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక పోడు నేరమైంది, అడవిలో కట్టె కొడితే జరిమానా వేశారు. రంపలో 1879లో, గూడెం కొండల్లో 1922 నుంచి 1924 దాకా జరిగిన పితూరీలు (తిరుగుబాట్లు) ఈ బాధల్లోంచే పుట్టాయి. ఇప్పుడు మా జిల్లాకు ఆ అల్లూరి సీతారామరాజు పేరే పెట్టారు, 2022లో. సంతోషమే. ఆయన వెంట నడిచినవాళ్ళు ఏ హక్కుల కోసం నిలబడ్డారో ఆ హక్కుల మాటే మేమూ అడుగుతున్నాం.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికులకు కూరగాయలు పండించడానికి అరకులో పద్మాపురం తోట వేశారు. 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వచ్చింది. బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖ రేవుకు, అక్కణ్ణించి జపాన్‌కు వెళ్ళడానికి ఈ కొండలు తొలిచారు. శిమిలిగుడ స్టేషన్‌కి దేశంలోనే ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అని చాలా కాలం పేరుండేది. 2017 నుంచి అదే దారిలో అద్దాల బోగీ నడుస్తోంది. బోగీలోంచి కనిపించే పచ్చటి మెట్ల పొలాలు, వలిసె తోటలు మావే. ఆ రైలు పట్టాల నుంచి మా ఊరికి మాత్రం ఇప్పటికీ కాలిబాటే.

ఇంకొకటి మరచిపోకూడదు. ఒడిశా సరిహద్దులో మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. దాని కోసం కట్టిన జలాపుట్ జలాశయం కింద ఆదివాసీల ఊళ్ళు, పొలాలు మునిగాయి. కరెంటు పట్నాలకు ముందు వెళ్ళింది, నీటి అంచున మిగిలిన పల్లెలకు దశాబ్దాల తర్వాత వచ్చింది. ఇప్పుడు అనంతగిరి కొండల్లో పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టుల (నీళ్ళు పైకి తోడి నిల్వచేసి, మళ్ళీ కిందికి వదిలి కరెంటు తీసేవి) మాట వినిపిస్తోంది. అది విన్నప్పుడు మా పెద్దలకు ముందు గుర్తొచ్చేది జలాపుట్టే. దాన్ని మీరు అపోహ అనకండి.

చట్టం మా వైపు ఉంది. 1970లో సవరించిన భూ బదలాయింపు చట్టం, అందరూ 1/70 అనే చట్టం, మా భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదంది. బొర్రా దగ్గరి నిమ్మలపాడు గనుల తగాదాలోంచి పుట్టిన సమత కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో (రాజ్యాంగం కింద గిరిజనుల కోసం ప్రత్యేకంగా గుర్తించిన ప్రాంతంలో) ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. దేశమంతా చెప్పుకునే ఆ తీర్పు మా పక్క లోయలోంచి పుట్టింది. 1996 పీసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ చట్టం) ఇంకా స్పష్టంగా ఉంది: తన ఆచారాల ప్రకారం తన వ్యవహారాలు తాను చూసుకునే ఒక ఆవాసం, చిన్న శివారు పల్లె అయినా సరే, అదే గ్రామం. ఆ గ్రామానికి తన గ్రామసభ ఉండాలి. ఆ సభకు తన సంప్రదాయాలను, ఉమ్మడి వనరులను, తగవులు తీర్చుకునే పద్ధతిని కాపాడుకునే అధికారం ఉంది. మన రాష్ట్రం 1998లో దీనికి తగ్గట్టు చట్టం చేసింది, 2011లో నియమాలు ఇచ్చింది. 2013లో ఒడిశాలోని నియమగిరి కొండల బాక్సైటు గని కేసులో సుప్రీంకోర్టు గని విషయం గ్రామసభలనే తేల్చమంది. పన్నెండు ఊళ్ళు కూర్చుని వద్దన్నాయి, గని ఆగింది. ఆ కొండల మీద వినిపించేదీ మా ఇళ్ళల్లో వినిపించే కువి భాషే. వాళ్ళను అడిగారు. మమ్మల్ని అడగడానికి ఏమిటి అడ్డం?

గ్రామసభ మా ఊళ్ళో జరగకపోవడం వల్ల ఏం నష్టపోతున్నామో, ఏం కావాలో ఒక్కొక్కటిగా చెప్తాం.

1. మా పల్లెను పీసా గ్రామంగా నోటిఫై చేసి, గ్రామసభ ఇక్కడే పెట్టండి. వారం ముందు బారికితో చాటించండి. తీర్మానం తెలుగులో రాసినా, సంతకాలకు ముందు ఆదివాసీ ఒడియాలో, కువిలో చదివి వినిపించండి. వేలిముద్ర వేసే అవ్వకు తాను దేనికి ఒప్పుకుంటోందో తెలియాలి. హాజరు పట్టీ ఒక పని కోసం, తీర్మానం ఇంకో పని కోసం వాడుకునే పద్ధతి మానాలి. మా లోయ భూమి, నీరు, అడవి మీద ఇంతకుముందు మేము లేకుండా చేసిన తీర్మానాలు ఏవైనా ఉంటే వాటి నకళ్ళు మాకు ఇవ్వండి, మా సభ ముందు మళ్ళీ పెట్టండి. 2013 భూసేకరణ చట్టం కూడా షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ ముందస్తు సమ్మతి ఉండాలనే చెప్తోంది. మిగతా కోరికలన్నీ దీని తర్వాతే. ఇది జరిగితే మిగిలినవి మేమే మీతో కూర్చుని తేల్చుకోగలం.

2. దారి. నొప్పులొచ్చిన మనిషిని డోలీలో ఎలా మోస్తారో పేపర్లో ఫొటో చూసి ఉంటారు. ఫొటోలో కనిపించనివి కొన్ని ఉన్నాయి. బొంగు గట్టిది దొరకాలి, దుప్పటి రెండు మడతలు వేసి ముడులు నీళ్ళతో తడిపి బిగించాలి, లేకపోతే దిగుడులో జారుతుంది. ముందువాడు పొట్టివాడు అయితే ఎక్కేటప్పుడు పరవాలేదు, దిగేటప్పుడు బరువంతా వాడి మీదే పడుతుంది. వానాకాలంలో గెడ్డ దాటేచోట నలుగురు మోస్తుంటే ఇద్దరు నీళ్ళలో నిలబడి రాళ్ళు చూపిస్తారు. ఇంతా చేసి కింద తారు రోడ్డు చేరేసరికి అంబులెన్సుకు ఫోను చెయ్యాలంటే సిగ్నల్ దొరకాలి. కాన్పుకు ముందే వచ్చి ఉండమని వసతి గృహాలు పెట్టారు, మంచి పనే. కానీ ఇంట్లో చిన్నపిల్లలను ఎవరి దగ్గర వదిలి వెళ్ళాలో ఆ తల్లిని ఎవరూ అడగలేదు. పాము కరిచినవాడికి, పక్షవాతం వచ్చిన ముసలాయనకు ఆ గృహం పనికిరాదు.

దారి అడిగిన ప్రతిసారీ అటవీ అనుమతి రాలేదన్న జవాబే వస్తోంది. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ చూడండి. రోడ్డు, బడి, ఆసుపత్రి, తాగునీరు లాంటి పదమూడు రకాల సౌకర్యాలకు, ఒక్కో దానికి ఒక హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించకుండా, ఇవ్వవచ్చు. గ్రామసభ సిఫారసు ఉంటే డివిజనల్ అటవీ అధికారే అనుమతి ఇవ్వవచ్చు, ఢిల్లీ దాకా ఫైలు వెళ్ళనక్కర్లేదు. ఐదు మీటర్ల వెడల్పు లెక్కేసుకున్నా ఒక హెక్టారులో రెండు కిలోమీటర్ల దారి వస్తుంది. ఆ సిఫారసు ఇచ్చే గ్రామసభే మాకు లేకుండా చేసి, అనుమతి లేదంటే ఎలా? 2023లో బాగా వెనకబడిన ఆదివాసీ తెగల కోసం కేంద్రం పెట్టిన పీఎం జన్‌మన్ పథకం వచ్చింది, 2025లో అడవితల్లి బాట పేరుతో మన ప్రాంతంలోనే రోడ్ల పనులు మొదలుపెట్టారు. ఆ జాబితాల్లో మా లోయ ఊళ్ళు ఎన్ని ఉన్నాయో, లేనివి ఎందుకు లేవో ఊరి బడి గోడ మీద అతికించండి.

3. నీళ్ళు. మా తాగునీరు కొండ ఊట. పైన చిన్న తొట్టి కట్టి పైపుతో కిందికి దింపిన గ్రావిటీ స్కీము. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు, ఊట ఉన్నంతకాలం నీళ్ళు. ఆ ఊటకు పైన రిసార్టు కడితే, బోరు దింపితే, వాడిన నీళ్ళు గెడ్డలోకి వదిలితే మాకు ఇంకో దారి లేదు. ఎండాకాలంలో ఊట సన్నబడినప్పుడు ఇప్పటికే ఆడవాళ్ళు బిందెలతో గెడ్డకు దిగుతున్నారు. ఊటల పైభాగంలో ఏ కట్టడానికీ గ్రామసభ సమ్మతి లేకుండా అనుమతి ఇవ్వవద్దు.

4. పర్యాటకం మీద మాకు కోపం లేదు. అక్టోబరు నుంచి వలిసె పూస్తుంది, కార్లు ఆగుతాయి, ఫొటోల కోసం జనం తోటలోకి దిగుతారు. వలిసె నూనె గింజ, మా ఏడాది ఖర్చులు దానిమీద. తొక్కిన మొక్క గింజ కట్టదు. కొందరు రైతులు మనిషికి ఇంతని తీసుకోవడం మొదలుపెట్టారు, అది తప్పని అనవద్దు. మాకు బాధ కలిగించేది ఇంకొకటి: మా వాళ్ళ పేరు మీద కాగితాలు, బయటివాళ్ళ డబ్బుతో కట్టడాలు. 1/70 ఉండగానే బినామీ పేర్లతో ఎన్ని కాటేజీలు లేచాయో మండలం తిరిగితే కనిపిస్తుంది. వాటి మీద విచారణ జరిపి వివరాలు బయట పెట్టండి. ఊరివాళ్ళే తమ ఇళ్ళల్లో అతిథులను ఉంచుకునేలా అప్పు, శిక్షణ ఇవ్వండి. వాహనాల పార్కింగు రుసుము ఏ ఊరి పొలిమేరలో వసూలైతే ఆ ఊరి గ్రామసభ ఖాతాకు జమ చెయ్యండి.

ధింసా గురించి ఒక మాట. రిసార్టుల్లో రాత్రిపూట ఆడేది మా ఆడపిల్లలే. కూలి దొరుకుతోంది కాబట్టి వెళ్తున్నారు, మేము ఆపడం లేదు. వాళ్ళకు ఎంత ఇవ్వాలి, ఎన్ని గంటలకు వదలాలి, ఇంటికి ఎవరు చేర్చాలి అనేవి రాతపూర్వకంగా ఉండాలి.

5. కాఫీ, మిరియాల సంగతి మీకు తెలుసు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గర్వంగానే ఉంది. పండు కోసి, తొక్క తీసి, ఆరబెట్టి, మూట నెత్తిన పెట్టుకుని రోడ్డు దాకా దింపేవాడికి దారి లేకపోతే, ఊరి దగ్గరికి వచ్చిన దళారి చెప్పిందే ధర. అడ్డాకులు, కొండచీపుర్లు, చింతపండు, పసుపు, పిప్పళ్ళు అన్నీ అంతే. కొనుగోలు లోయలోనే, సంతకు ముందు రోజు, తూకం అందరికీ కనిపించేలా జరగాలి.

6. బడి. ఆరేళ్ళ పిల్లకు టీచరు అడిగే మాట అర్థం కాకపోతే మొద్దు అని పేరు పడుతుంది. 2003 ప్రాంతంలో మన రాష్ట్రంలోనే కువి, ఆదివాసీ ఒడియా, కొండ, సవర, కోయ లాంటి భాషల్లో వాచకాలు వచ్చాయి. మంచి ప్రయత్నం, నిలబెట్టలేదు. స్థానిక గిరిజనులకే టీచరు పోస్టులు అన్న 2000 నాటి మూడో నంబరు జీవోను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత మా పిల్లల భాష తెలిసిన టీచరు మా బడికి ఎలా వస్తారో ప్రభుత్వం తేల్చలేదు. కోర్టు తీర్పుకు నిలిచేలా కొత్త చట్టం తేవాలి. అప్పటిదాకా భాషా వాలంటీర్లను ప్రతి ప్రాథమిక బడిలో పెట్టి, జీతం నెల నెలా ఇవ్వండి.

7. పోడు పట్టాలు కొన్ని ఇళ్ళకు వచ్చాయి, కొన్ని ఇళ్ళకు రాలేదు. కానీ ఊరంతా కలిసి వాడుకునే అడవికి, అంటే అడ్డాకు ఏరే చోటుకి, పశువులు మేసే వాలుకి, ఊట ఉన్న గుట్టకి ఉమ్మడి హక్కు పత్రం ఇవ్వలేదు. ఇంటింటికీ పట్టా ఇచ్చి ఉమ్మడి అడవిని వదిలేస్తే, రేపు ఒక్కొక్క ఇంటితో విడివిడిగా బేరం పెట్టుకోవడం తేలిక. ఊరి మాట ఊరుగా వినాలంటే ఉమ్మడి హక్కు పత్రమే కావాలి.

8. సర్వే రాళ్ళు వేసే ముందు మా పటం వెయ్యండి. శంకుదేవుడి రాయి, జాకరమ్మ చెట్టు, పెద్దలను పూడ్చిన చోటు, సంతకు పోయే తోవ, ఊటలు, ఇవేవీ రెవెన్యూ పటంలో లేవు. పటంలో లేకపోతే బంజరు అంటారు, బంజరు అంటే ఖాళీ అంటారు. అరకు గిరిజన మ్యూజియంలో మా బతుకు బొమ్మలుగా పెట్టారు, పిల్లలను తీసుకెళ్ళి మేమూ చూపిస్తాం. బతికున్న ఊళ్ళ చరిత్ర కూడా రాయించండి. ఊరు ఎక్కణ్ణించి వచ్చి ఇక్కడ దిగిందో, ముఠాదారుల కాలంలో ఏం జరిగిందో, రైలు మార్గం పనిలో ఎవరు కూలికి వెళ్ళారో, ఏ కొండ ఏ ఇంటివాళ్ళు దున్నారో చెప్పగలిగిన ముసలివాళ్ళు ఇంకా కొందరున్నారు. మా పిల్లలు చదువుకున్నారు, ఫోన్లున్నాయి, రికార్డు వాళ్ళే చేస్తారు. మీరు చెయ్యాల్సింది ఆ రికార్డును, పటాన్ని గ్రామసభ ఆమోదంతో రెవెన్యూ, అటవీ దస్త్రాల్లో చేర్చడం.

మేము అభివృద్ధికి అడ్డమని కొందరంటారు. రోడ్డు అడుగుతున్నది మేమే, బడి అడుగుతున్నది మేమే, ధర అడుగుతున్నది మేమే. ఏది ఎక్కడ కట్టాలో ముందు మాతో మాట్లాడమంటున్నాం. మాట్లాడాక కూడా వద్దనే హక్కు మాకు ఉందని చట్టమే చెప్పింది, అది మీరూ ఒప్పుకోవాలి.

తొలి గ్రామసభకు తేదీ మీరే చెప్పండి. వారం ముందు కబురు అందాలి. సంత రోజు వద్దు, కోతల రోజులు వద్దు. భూమి, అటవీ, పర్యాటక వ్యవహారాలు చూసే అధికారులు ముగ్గురూ ఒకే రోజు రావాలి, ఒకరి మీద ఒకరు చెప్పుకునే వీలు లేకుండా. గెడ్డ పైన వేసిన రాళ్ళ కాగితాలు వెంట తీసుకురండి. అంతవరకు ఆ రాళ్ళ దగ్గర ఏ పనీ మొదలుపెట్టవద్దని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
గాలికొండ కింది లోయలోని శివారు పల్లె ప్రజలు